ఖాళీ ట్రేలో ఒక స్క్రూ

శుక్రవారం

మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. మా ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది నాకొక్కడికే. చిన్నప్పుడు మా అవ్వ వీపు మీద రెండు వేసి మరీ దిద్దించింది. మీనాంబాళ్ తమిళం తప్ప చదవదు. పెళ్ళాం చదవలేని లిపిలో రాసుకోవడం ఎంత సుఖమో ఈ ఒర్లియంపేటలో ఇంకే మొగుడికీ తెలియదు.

ఇవాళ కంపెనీలో జరిగింది రాయాలి.

పొద్దున మా మొదలాళి, అదే కంపెనీ ఓనరు, నరేంద్రన్ పంచాంగం చంకలో పెట్టుకొని తిరిగాడు. హెలికాప్టర్‌కు పోవలసిన మొదటి పెట్టె మూత రాహుకాలం రాకముందే పడాలట. పెట్టె అంటే కంప్యూటరే. తెర లేదు, మీటలు లేవు, చూడటానికి అల్యూమినియం ఇటుక. ఎండలో కాలినా, ఉప్పుగాలిలో నానినా, హెలికాప్టర్ ఒళ్ళంతా వణికినా లోపల లెక్క తప్పకూడదు. నమూనాకు తీసిన పెట్టెల్ని అలా వణికించి చూసే బల్ల దగ్గర నా పని. "అంటే మిక్సీ రిపేరా?" అంటుంది మీనాంబాళ్. ఏళ్ళ తరబడి అదే మాట.

మిలిటరీ పనికి పంచాంగమేమిటని వీరరాఘవన్ సార్ గొణిగాడు. ఆయన తనిఖీ ఆఫీసరు. ఆయన ఎర్ర లక్క చుక్క పెట్టందే ఏ మూతా పడినట్టు కాదు. మొన్న ఆయన టిఫిన్ డబ్బాకు అదే లక్కతో చుక్క పెట్టి, 'సీలు తెగితే వారంటీ లేదు' అని చీటీ అంటించింది నేనే. ఆయన నవ్వలేదు గాని, చీటీ చిరగకుండా జాగ్రత్తగా డబ్బా తెరుచుకొని తిన్నాడు.

పెట్టెల్లో సర్క్యూట్ కార్డులు బిగించేది తిలకవతి. వైతికుప్పం నుంచి వస్తుంది. మన తెలుగు పిల్లే. నన్ను అన్నా అంటుంది. కాంట్రాక్టు మీద ఉంది, ఈ నెలలో పర్మనెంటు కావాలి. ఆ రోజు పెట్టెలన్నిటికీ కలిపి ఎన్ని స్క్రూలు కావాలో అన్నే ట్రేలో పోసిస్తారు. బిగించడం అయ్యాక ఖాళీ ట్రే సార్‌కు చూపించాలి. ట్రేలో ఒకటి మిగిలిందంటే ఎక్కడో ఒక బెజ్జం ఖాళీగా ఉన్నట్టు.

ఇవాళ ఆ పిల్ల రెండు పెట్టెలు పక్కపక్కనే తెరిచి పెట్టుకొని రెండు చేతులా పని చేసింది. మొదలాళి వెనకాలే నిలబడి గడియారం చూస్తూ "అమ్మా, టైమాయ, టైమాయ" అని పురిటి మంచం దగ్గర నాన్నలాగా ఊదరపెట్టాడు. మొదటి పెట్టె మూత పడింది, లక్క పడింది, కర్పూరం వెలిగింది, వ్యాను కదిలింది. రాహుకాలం మా గేటు దగ్గరే ఆగిపోయింది.

మిగతా మూడు మధ్యాహ్నం మూశారు. సాయంత్రం తిలకవతి ఖాళీ ట్రే పట్టుకొని సార్ బల్ల వైపు పోతోంది. నా జేబులో ఒక స్క్రూ ఎప్పుడూ ఉంటుంది, ఎవరి టీలోనో వేయడానికి. నా బల్ల దగ్గరా అదే రకం స్క్రూలు వాడతాం.

"తిలకా, ఆ మూల బల్లి చూడు!" అన్నాను. ఆమె తల తిప్పింది. ట్రేలో స్క్రూ పడింది.

చూసుకుంది. "నువ్వే గదా చచ్చినోడా" అని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ముఖంలో నెత్తురు లేదు.

"అన్నా, నేను అన్నీ వేసినా గదా? నువ్వు చూసినావు గదా?"

"నీ చేతులు నీకు తెల్లేదంటే నన్నడుగుతావేంది?" అన్నాను. ఇంకొంచెం ఏడిపించి చెబుదామని.

నేను నోరు తెరిచేలోపే ఆమె సార్ ముందు నిలబడి ఉంది. "సార్, నా ట్రేలో ఒకటి మిగిలింది."

దాచుకుంటే అయిపోయేది కదా, పిచ్చిది.

మిగిలిన ఆ మూడు పెట్టెల మూతలు విప్పమన్నాడు సార్. మొదటి మూత తీసేలోపు చెబుదామనుకున్నాను. తర్వాత, రెండోది తీసేలోపు. మూడో పెట్టెలో, కార్డు అంచున, నిజంగానే ఒక బెజ్జం ఖాళీగా ఉంది. స్క్రూ లేదు.

నా కళ్ళతో నేను చూశాను. ట్రేలోని స్క్రూ తెచ్చి అందులో బిగించారు. లెక్క సరిపోయింది. పొద్దున పోయిన పెట్టెను వెనక్కి పిలవాల్సిన పని లేదు అన్నాడు మొదలాళి. తిలకవతితో "ఇంగ నువ్వు ఇంటికి పోమ్మా, మేమే కబురు చేస్తాం" అన్నాడు.

ఆలోచిస్తే, నా తమాషా లేకపోతే ఆ పెట్టె ఖాళీ బెజ్జంతోనే పోయేది. నాకు శాలువా కప్పాలి.


శనివారం

శాలువా సంగతి మళ్ళీ ఆలోచించాను. బెజ్జం ఖాళీగా వదిలింది నేనా? కాదు. మీనాంబాళ్ చేసిన వంజరం చేపల పులుసు బాగుంది.


ఆదివారం

వాన.


సోమవారం

క్యాంటీన్‌లో ఇవాళ ఎలక్ట్రీషియన్ టీలో స్క్రూ వేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. లేదు. చొక్కా జేబులో చూశాను. లేదు. నా స్క్రూ ఎక్కడ అని ఒక్క క్షణం నిజంగానే వెతికాను.

నా స్క్రూ మూడో పెట్టెలో ఉంది. ఆ ఖాళీ బెజ్జంలో బిగించింది నాదే.

అయితే ఆ బెజ్జానికని పోసిచ్చిన స్క్రూ ఎక్కడ?

టీ చల్లారిపోయింది. ఎలక్ట్రీషియన్ "ఏమన్నా, నా టీలో ఏమీ వెయ్యలేదా, ఒళ్ళు బాగలేదా?" అన్నాడు.


మంగళవారం

నేల మీద పడి ఉంటుంది.

ఊడ్చే ఆమె దగ్గర చీపురు లాక్కొని తిలకవతి బల్ల కింద నేనే ఊడ్చాను. "అన్నకు పిచ్చి పట్టిందిరో" అని నవ్వారు. నేనూ నవ్వాను. దుమ్ము లాగే మిషను సంచీ విప్పి కాగితం మీద దులిపాను. వెంట్రుకలు, తీగ ముక్కలు, ఎవరిదో కమ్మ తాలూకు శీల. ఆ స్క్రూలకు అయస్కాంతం కూడా అంటదు. కళ్ళతోనే వెతకాలి.

రెండు పెట్టెలు పక్కపక్కనే తెరిచి పెట్టుకుంది. ఒకటి బెజ్జం ఖాళీగా దొరికిన ఆ మూడోది. ఇంకొకటి వ్యానెక్కి పోయిన మొదటి పెట్టె.

నేల మీదే పడి ఉంటుంది. చెప్పులకు అంటుకొని బయటికి పోయి ఉంటుంది. అవి చిన్నవి, గోరంత కూడా ఉండవు.


బుధవారం

మళ్ళీ ఊడ్చాను.


గురువారం

పెట్టెను హెలికాప్టర్‌లో బిగించారట. రేపు పరీక్షకు గాల్లోకి లేపుతారట. మధ్యాహ్నం మొదలాళి గదిలోకి పోయాను.

"సార్, తిలకవతి ట్రేలో ఆ స్క్రూ వేసింది నేనే. తమాషాకు."

ఆయన కాగితాల మీంచి తలెత్తాడు. చదువుకున్నవాళ్ళకు ఒక్కో విషయం ఎంత తొందరగా ఎక్కుతుందో! నాకు మూడు రోజులు పట్టింది, ఆయనకు మూడు రెప్పపాట్లు చాలాయి. లేచి తలుపు వేశాడు.

"కూచో అళగేశా" అన్నాడు. ఈ కంపెనీలో నన్ను కూచోమన్నది ఇదే మొదటిసారి. "పోయిన వారం క్యాంటీన్‌లో ఉప్పు డబ్బాలో చక్కెర పోసింది ఎవురు?"

"నేనే సార్."

"వాచ్‌మన్ కుర్చీ కింద టపాసు పెట్టింది?"

"నేనే."

"కంపెనీలో అందరూ నిన్నేమంటారు?"

"తమాషా మనిషంటారు."

"ఇప్పుడు నువ్వు చెప్పిందేంది?"

 ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు డాక్టరు గొంతులాగా మెత్తగా ఉంది. "ఆ పెట్టెను వెనక్కి పిలిస్తే ఇంగ మన సరుకు ఎవురు ముట్టుకుంటారు? ఎన్ని ఇండ్లు దీని మీద అన్నం తింటా ఉండాయి? నువ్వు పోయి పోయి వేళ కాని వేళ నన్ను ఏడిపిద్దామని వచ్చినావు. ఇది గూడా తమాషానే గదా?"

నేను ఆయన బల్ల మీది పంచాంగం వైపు చూశాను.

"చెప్పు. తమాషానా, కాదా?"

"తమాషానే సార్" అన్నాను.

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నా వీపు తట్టి తలుపు తీశాడు.

పెద్దవాళ్ళకు తెలిసి ఉంటుంది. చెప్పాల్సిన చోట చెప్పాను. ఇక నా చేతుల్లో లేదు.


శుక్రవారం

ఎగిరింది. రాహుకాలంలోనే ఎగిరిందట. మొదలాళి ఫోనులో ఎంత బతిమాలినా వాళ్ళు వినలేదట. లోపల ఇద్దరున్నారట. వాళ్ళ పేర్లేమిటని అడిగాను. "నీకెందుకు, వాళ్ళ టీలో గూడా స్క్రూ వేస్తావా?" అని స్టోర్సువాడు అన్నాడు. అందరూ నవ్వారు.

అది దిగినట్టు ఫోను వచ్చేదాకా నేను నా బల్ల మీది పెట్టెను వణికిస్తూనే ఉన్నాను. ఆపాల్సిన వేళ దాటిపోయిందని పక్కవాడు వచ్చి స్విచ్చి కట్టేశాడు.

దిగింది. బాగానే దిగింది.

రాత్రి అన్నం దగ్గర మీనాంబాళ్: "ఏంది, కంచానికి దండం పెడతా కూచున్నావు? తినే ఆలోచన ఉండాదా?"

"కడుపు బాగలేదు."

"ఎవురి కడుపు మండించి వచ్చినావు?"

దీనికి తెలుగు చదవడం రాకపోయినా అన్నీ తెలుస్తాయి.


శనివారం

ఎగిరింది, దిగింది. కాబట్టి లోపల ఏమీ లేదు.

ఒక్కసారి ఎగిరి దిగింది. అంతే తెలిసింది.

నా బల్ల మీద మొదటిసారి ఏమీ కాని పెట్టెలు ఎన్ని చూడలేదు? అంతా బాగుందని టిఫినుకు పోయి వస్తే అప్పుడు చచ్చిపడి ఉంటాయి.


ఆదివారం

సముద్రం బాగా పొంగి ఉంది. తుఫాను జెండా ఎగరేశారు. తిలకవతికి ధైర్యం చెప్పి రావాలని వైతికుప్పం పోయాను. ఏమని చెప్పాలో అనుకోలేదు. ఒక తమాషా మాటతో మొదలుపెడితే మిగతాది దానంతటదే వస్తుందనుకున్నాను.

పడవలన్నీ వీధుల్లోకి లాగి కట్టేశారు. వాటి మధ్యలోంచి ఆమె ఇల్లు కనిపించింది. గడప మీద కూచొని ఉంది. ఒళ్ళో ఒక చెక్కముక్క. దానికి వరసగా బెజ్జాలు. ఒక చిన్న స్క్రూడ్రైవరు. ఒక్కో స్క్రూ తీసి బిగిస్తోంది, బిగించాక వేలితో తడిమి చూసుకుంటోంది. అన్నీ అయ్యాక విప్పేసి మళ్ళీ మొదలు. వాళ్ళ అమ్మ లోపలి నుంచి "ఏమే, వదిలిపెట్టవే ఇంగ, చెయ్యి పుండవుతాది" అని కేకేసింది.

"నా చెయ్యి యాడ తప్పిందో చూడాల గదమ్మా" అంది తిలకవతి.

నేను పడవ చాటు నుంచే తిరిగి వచ్చేశాను.


సోమవారం

పని మొదలుకాకముందే అందర్నీ హాల్లో నిలబెట్టారు. మైసూర్‌పాక్ పంచారు. మొదలాళి మాట్లాడాడు. మన పెట్టె పాసయిందట. దాన్ని ఇంక తీయరట. ఈ వారం నుంచే ఆ హెలికాప్టర్ సముద్రం మీద పనికి పోతుందట. తుఫానులో చిక్కుకున్న పడవల్ని వెతికే పనికి.

"అళగేశా, అందరూ గమ్మున నిలబడినారే! ఒక తమాషా చెప్పు, విందాం" అన్నాడు. ఆయన ముఖం నవ్వుతోంది, కళ్ళు నవ్వడం లేదు.

"చెప్పన్నా, చెప్పు" అని చప్పట్లు.

నోట్లో మైసూర్‌పాక్ ఉంది. మింగాను.

"పది రోజుల కింద తిలకవతి ట్రేలో ఒక స్క్రూ మిగిలింది గదా. అది వేసింది నేనే" అన్నాను.

హాలంతా ఒకటే నవ్వు.

"ఆ పిల్ల ట్రే నిజంగా ఖాళీనే. నా జేబులోది నేను వేసినా. మీరు దాన్నే తెచ్చి ఆ బెజ్జంలో బిగించినారు."

ఇంకా పెద్ద నవ్వు. ఎలక్ట్రీషియన్ కళ్ళు తుడుచుకున్నాడు. మనుషులు నవ్వాలని బతికినవాణ్ణి నేను. ఆ నవ్వు ఎలాగైనా ఆగితే చాలనిపించింది.

వీరరాఘవన్ సార్ మాత్రం చేతిలో మైసూర్‌పాక్ కిటికీ మీద పెట్టాడు. పెట్టి, వేళ్ళు చేతిగుడ్డతో తుడుచుకుంటూ నా ముందుకు వచ్చాడు.

"అట్లయితే ఆమె స్క్రూ యాడుంది?"

"తెలీదు సార్. నేలంతా వెతికినా. రెండు పెట్టెలు పక్కపక్కన తెరిచి పెట్టుకొని పని చేసింది."

నవ్వులు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి.

మొదలాళి మధ్యలో వచ్చాడు. "సార్, వీడి సంగతి తెల్లేదా? నా దగ్గర గూడా ఇదే చెప్పి, తమాషా అని వీడే ఒప్పుకున్నాడు."

"అళగేశా, నన్ను చూడు" అన్నాడు వీరరాఘవన్ సార్. "ఇది తమాషానా?"

"కాదు సార్."

ఆయన నన్ను తిట్టలేదు. నమ్మాడు. ఇన్నేళ్ళలో నా మాట ఒక్కటీ నమ్మని మనిషి, ఇది నమ్మాడు. జేబులోంచి ఫోను తీసి, అక్కడే అందరి ముందే హెలికాప్టర్ వాళ్ళకు ఫోను చేశాడు. "దాన్ని లేపొద్దండి" అన్నాడు. ఆ మాట తమిళంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాడు. ఫోను అవతల మనుషులు మారుతూ ఉన్నారు కాబోలు.

నన్ను గేటు బయటికి పంపించారు.


గురువారం

పెట్టె వెనక్కి వచ్చింది. కాగితం మీద సంతకం పెట్టడానికి రమ్మంటే పోయాను. మూత విప్పేటప్పుడు నన్ను గోడ పక్కన నిలబెట్టారు.

పైకి ఏమీ కనబడలేదు. ఒక్కో కార్డూ లాగారు. నాలో ఒకడు, దొరక్కూడదని మొక్కుతున్నాడు. వాడు అప్పటికింకా బతికే ఉన్నాడు. కరెంటు ఇచ్చే కార్డు లాగితే దాని కింద, అంచులో, అది పడుకొని ఉంది. వణికి వణికి కార్డు మీద పూతను గీరేసింది. గీరిన చోట రాగి మెరుస్తోంది.

సార్ భూతద్దం పెట్టి చూశాడు. "ఇంగ రవ్వంత జరిగి ఉంటే..." అని ఆగిపోయాడు.

"జరిగి ఉంటే ఏమవుతుంది సార్?"

"పెట్టె ఆరిపోతాది. తామెక్కడుండారో, ఎంత ఎత్తులో ఉండారో వాళ్ళకు చెప్పేది ఇదే గదయ్యా. కింద సముద్రం. పైన మబ్బు."

స్క్రూను పట్టకారుతో తీసి తెల్ల గుడ్డ మీద పెట్టాడు. నేను దగ్గరికి పోబోతే వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. టపాసు పెట్టిన కుర్చీ వాడిదే. 

నా ఉద్యోగం పోయింది. తిలకవతికి కబురు చేస్తామన్నారు.


శనివారం

మీనాంబాళ్‌కు అంతా చెప్పాను.  చివరికి, "హెలికాప్టర్‌లో ఎగిరిన ఆ ఇద్దరికీ పెళ్ళాలుంటారు గదా" అంది. లేచి పోయి వంటింట్లో గిన్నెలు తోమింది. అవి అప్పటికే తోమినవి.


ఆదివారం

వైతికుప్పం పోయాను. ఈసారి పడవ చాటున ఆగలేదు.

వాన పడుతోంది. తిలకవతి చాప వేసింది. వాళ్ళ అమ్మ నన్ను చూసి లోపలికి పోయింది. కంపెనీ నుంచి మనిషి వచ్చి పోయాడట. మళ్ళీ పనిలోకి రమ్మన్నారట. పర్మనెంటు మాట మాత్రం వచ్చే ఏడాది చూద్దామన్నారట. రాహుకాలం తొందరలో మూత మూయించినందుకు మొదలాళిని ఎవరూ ఏమీ అనలేదట.

"స్క్రూ జారింది నా చేతిలోనుంచే" అంది. "అది నా తప్పే. పక్క పెట్టెలో పడిందని నాకు తెల్లేదు. ట్రే ఖాళీగా ఉంటే అన్నీ వేసేసినా అనుకున్నా."

"ఆయన వెనకాల నిలబడి ఊదరపెడితే ఎవురికైనా..."

"దాన్ని నేను చూసుకుంటాలే. నేను అడిగేది వేరే." ఆమె తన అరచేతిని చూసుకుంటూ అడిగింది. చూపుడువేలి మీద స్క్రూడ్రైవరు కాయ కాచి ఉంది. "అది పెట్టెలో పడి ఉంటాదని నీకు ఎప్పుడు తెలిసింది?"

"అనుమానం..."

"అనుమానమే. ఎప్పుడు?"

"ఆ సోమవారం."

"ఎగిరింది శుక్రవారం గదా."

"అవును."

"ఎగరతాదని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఆ మధ్యలో ఏం చేసినావు?"

మొదలాళికి చెప్పానని అనొచ్చు. చెప్పాను కూడా. ఆయన గదిలోంచి ఎలా బయటికి వచ్చానో గుర్తొచ్చింది.

"నేల ఊడ్చినా" అన్నాను.

 చూరు నీళ్ళు గడప ముందు గుంట చేస్తున్నాయి. లోపల వాళ్ళ అమ్మ దగ్గింది.

"నా ట్రేలో ఒకటి మిగిలిందని చూసినప్పుడు నా పని పోతాదని నాకు తెలుసు" అంది తిలకవతి. "సార్ బల్ల దాకా పది అడుగులు గూడా లేదు. నడిచి పోయి చెప్పినా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. తిడితే తిట్టించుకోవడం నాకు బాగా వచ్చు.

లేచాను. చెప్పులు వేసుకుంటూ, ఏదో ఒకటి అని ఆ ముఖం మీదికి ఇంత నవ్వు తెద్దామని చూశాను. నోట్లో ఒక్క మాట లేదు. వాన తగ్గేదాకా ఉండమని ఆమె అనలేదు. నేనూ ఆగలేదు.